కూత పెట్టి చదివించిన అక్క

అక్క పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను ధర్మవరంలో, మా బడి వరండాలో, పిల్లలతో కలిసి అన్నం తింటున్నాను. చెయ్యి కడుక్కుందామని లేచి కుళాయి తిప్పి, నీళ్లు కారిపోతుంటే చూస్తూ ఉండిపోయాను. ఒక పాప వచ్చి కుళాయి కట్టేసింది.

ఆ సాయంత్రమే రైలెక్కి హిందూపురం వెళ్లాను. ఇంటి ముందు షామియానా కింద బంధువులు కూర్చుని ఆమె గురించి చెప్పుకుంటున్నారు. ఆమె పెట్టిన చింతకాయ తొక్కు రుచి ఇంకెవరికీ రాదని ఒకరు, అన్నేళ్ల ఉద్యోగంలో ఎవరి చేతా మాట పడలేదని ఇంకొకరు. అన్నీ నిజాలే. కానీ తరగతి గదిలో ఆమె ఏం చేసేదో ఆ షామియానా కింద ఎవరికీ తెలిసినట్టు లేదు. నాకు తెలుసు. పక్క గదిలో ఉండి చూసినదాన్ని. అందుకే ఇది రాస్తున్నాను.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరి, పెనుకొండ దగ్గర ఒక ఊరి ప్రాథమిక పాఠశాలకు వెళ్లేసరికి ఆమె అక్కడ పాత టీచరు. మేమిద్దరమే బడి అంతా. ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ మొదలైన రోజులవి. ఊళ్లో కొందరు కంపెనీ పనులకు, మిగతావాళ్లు చేన్లకూ గొర్రెల వెంటా పోయేవాళ్లు. ఆమె హిందూపురం నుంచి రోజూ బస్సులో వచ్చేది. పొట్టి మనిషి, బాగా లావు, దళసరి కళ్లద్దాలు. భుజానికి గుడ్డసంచి. ఆ సంచిలో తువ్వాలలో చుట్టిన బొమ్మల పుస్తకాలు. అన్నం డబ్బా మాత్రం చేతిలో వేరేగా పట్టుకుని వచ్చేది, పులుసు కారి పుస్తకాలకు అంటుతుందని.

"మేడమ్ అంటే నేను పలకను. అక్కా అను," అంది మొదటిరోజే.

ఆరోజే ఇంకొకటి చూశాను. మైదానంలో పిల్లలు ఆడుకుంటుంటే బంతి ఒకటి వరండా వైపు దొర్లుకుంటూ వచ్చింది. మెల్లగానే వచ్చింది. అక్క గబుక్కున గోడవైపు తిరిగి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, "నన్ను సంపేకి వస్తాండారేమిరా!" అని అరిచింది. పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆమె బతుకులో ఏ ఆటా ఆడలేదు. టీవీలో క్రికెట్ పెడితే నిద్రపోయేది. అలాంటి మనిషి సంచిలో ఉన్న పుస్తకాలన్నీ ఆటలవే. పరుగుపందెం, కబడ్డీ, ఈత, కుస్తీ, ఖోఖో. బెంగళూరులో పుస్తకాల ప్రదర్శన ఎప్పుడు పెట్టినా వెళ్లి ఏరుకొచ్చుకునేది.

"నీకు ఆటలంటేనే పడదు కదక్కా, ఈ పుస్తకాలెందుకు?" అని అడిగాను ఒకసారి.

"ఆటలో తర్వాత ఏమైతాదో ఎవురికీ తెల్దు. అందుకే పిల్లోళ్లు కండ్లు తిప్పకుండా చూస్తారు. పుస్తకం గూడా అట్లే చూడల్ల అని నా ఆశ," అంది.

ఆమె పుస్తకం చదివే తీరే వేరు. కొంగు నడుముకు దోపుకుని, పుస్తకాన్ని గుండెకు ఆనించి, బొమ్మ పిల్లలవైపు ఉండేటట్టు పట్టుకునేది. తాను మెడ వంచి, పైనుంచి, తలకిందులుగా ఉన్న అక్షరాలను చదివేది. అలా చదవడం ఆమెకు ఎంత అలవాటైపోయిందంటే, మామూలుగా తిన్నగా పట్టుకుని చదివేటప్పుడే ఒక్కోసారి తడబడేది. ఒక పుట అయ్యాక, వేలు కాగితం అంచున పెట్టి ఆగిపోయేది.

"తిప్పనా?"

"తిప్పు టీచర్, తిప్పు!"

"ఊహూఁ. ఏమైతాదో చెప్పండి, అప్పుడు తిప్పుతా."

చెరువులో దూకబోతున్న పిల్లవాడు దూకుతాడా, భయపడి మెట్ల మీదే కూర్చుంటాడా అని గది రెండు జట్లయ్యేది. అరుపులు మా గది దాకా వినిపించి, నా దగ్గరున్న ఒకటో తరగతి పిల్లలు కిటికీలకు వేలాడేవాళ్లు. గొడవ మితిమీరితే ఆమె నోట 'చాలు' అనే మాట కన్నడంలో వచ్చేది. "సాకు, సాకు!" అంటే చాలు, గది సద్దుమణిగేది. పుట తిరిగేది. గెలిచిన జట్టు ఎగిరి గంతేసేది. చదువులో ఎగిరి గంతేసే సందర్భం కూడా ఒకటి ఉంటుందని నేను అక్కడే చూశాను.

అయితే ఆమె గొప్పతనమంతా కబడ్డీ పుస్తకంతో మొదలైంది. మూడో తరగతికి వచ్చిన పిల్లల్లో చాలామంది అక్షరాలు కూడబలుక్కుంటూ చదివేవాళ్లు. 'ప... రు... గె... త్తి... ం... ది' అని చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోయేవాళ్లు. ఆ పుస్తకంలో ఒక బొమ్మ ఉంది. ఒక అమ్మాయి ఊపిరి బిగపట్టి, కళ్లు పెద్దవి చేసుకుని, గీత దాటి అవతలి జట్టులోకి కూతకు పోతుంటుంది. ఆ బొమ్మ దగ్గర అక్క చాలాసేపు ఆగింది. మరునాడు సున్నం తెచ్చి మైదానంలో గీత గీసింది.

ఆట పద్ధతి ఆమే చెప్పింది. పుస్తకం చేతిలో పట్టుకుని గీత దాటాలి. 'కబడ్డీ కబడ్డీ' అనే బదులు పుటలోని వాక్యాలు గట్టిగా చదువుతూ పోవాలి. గొంతు ఆగితే అవతలివాళ్లు పట్టుకుంటారు. ఆగకుండా చదువుతూ ఎవరినైనా తాకి, గీత దాటి వెనక్కి వస్తే తాకినవాళ్లు ఔటు. ఔటైనవాళ్లు పక్కన కూర్చోవాలి. వాళ్లు మళ్లీ బతకాలంటే వాళ్ల జట్టులో ఒకరు ఒక పుట చదవాలి.

నాకు నమ్మకం కలగలేదు. "ఇది చదవడం కాదక్కా, కంఠస్థం. పుట నోటికొచ్చేస్తే కళ్లు మూసుకుని చెప్పేస్తారు," అన్నాను.

"నోటికొచ్చినోళ్లకు వేరే పుట ఇస్తా. అంతే కదా?" అంది. అలాగే ఇచ్చింది.

పుస్తకాలు చాలక పాఠ్యపుస్తకాలు మైదానంలోకి వచ్చాయి. బాగా వెనకబడ్డ పిల్లలను ఆమె ఎప్పుడూ ఒంటరిగా కూతకు పంపలేదు. ఇద్దరు చేతులు పట్టుకుని పోవాలి, ఒకరి గొంతు ఆగబోతే రెండోవాళ్లు అందుకోవాలి. అన్నిటికంటే నన్ను కదిలించింది ఔటైనవాళ్ల ఆత్రం. తమను బతికించబోయేవాడు ఒత్తు దగ్గర తడబడుతుంటే, వాళ్లు గీత పక్కన కూర్చుని పెదవులు కదిలిస్తూ, పిడికిళ్లు బిగించి, వాడిని ముందుకు నెడుతున్నట్టు ఊగేవాళ్లు. పక్కవాడికి చదువు రావాలని పిల్లలు అంతగా కోరుకోవడం నేను మరెక్కడా చూడలేదు.

ఆ తరగతిలో పావని అనే పాప ఉండేది. చిన్నగా, సన్నగా, కిటికీ పక్కన కూర్చునేది. బడిలో నోరు తెరిచేది కాదు. హాజరు పిలిస్తే చెయ్యి ఎత్తేది. అక్క ఏనాడూ "మాట్లాడు" అని ఆ పిల్ల వెంటపడలేదు.

ఒకరోజు అక్క పరుగుపందెం పుస్తకం చదువుతోంది. చివరి పుటలో ఒకమ్మాయి రిబ్బను తెంచుకుని గెలుస్తుంది. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. అక్క అరచెయ్యి పెట్టి ఆ గెలిచిన అమ్మాయిని మూసేసింది. బొమ్మ మూలకు, అందరికంటే వెనకాల, వేలిగోరంత పాప ఒకతె ఉంది. బొమ్మ వేసినాయన ఆ పాపకు కళ్లూ ముక్కూ కూడా పెట్టలేదు.

"ఈ పాప ఎందుకు వెనకబడిందో ఎవురికన్నా తెలుసునా?"

ఎవరికీ తెలియలేదు. పరిగెత్తడం రాదు అన్నాడొకడు. అన్నం తినలేదు అంది ఇంకొకతె. అప్పుడు కిటికీ పక్కనుంచి ఒక గొంతు వినిపించింది. "చెప్పు తెగిపోయింది టీచర్."

గదంతా వెనక్కి తిరిగి చూసింది. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. అక్క ఆశ్చర్యపోయినట్టు కనబడనీయలేదు. పావని రోజూ మాట్లాడే పిల్లే అన్నట్టు, "అవునా? యాడ తెగింది?" అంది.

"మొదట్లోనే. ఆ పాప చెప్పు చేత పట్టుకోని ఉరికింది. పారేస్తే వాళ్లమ్మ తిడతాది."

"తర్వాత?"

"అందరూ గెల్చినమ్మిని చూస్తాండారు. ఆ పాప వచ్చేది ఎవురూ సూడల్యా. అయినా వచ్చింది."

పావని చెప్పుకుంటూ పోయింది. గంట కొట్టే వేళ దాటిపోయినా నేను కొట్టలేదు. ఆ వారమంతా తరగతి పిల్లలు కలిసి ఆ చివరి పాప కథను బొమ్మలుగా వేశారు. ఆ పాపకు కళ్లూ ముక్కూ పెట్టింది పావనే.

అంతా బాగుందనుకుంటుండగా పావని నాయన ఓబులేసు ఒకరోజు బడికి వచ్చాడు. అతను కంపెనీ పనివాళ్లను తీసుకుపోయే బస్సుకు డ్రైవరు. ఊళ్లో నలుగురూ అతని మాట వినేవాళ్లు.

"మేడమ్, తప్పుగా అనుకోవద్దండి. నేను బస్సులో పోతా వస్తా చూస్తానే ఉండా. ఎప్పుడు చూసినా పిల్లోళ్లు బయట్నే ఎగురుతాంటారు. ఆటలాడేకి బడెందుకు? మా పాప ముందే మూగిదాని మాదిరి ఉంటాది. పెనుకొండలో ఇంగ్లీషు బడి వ్యాను ఊర్లోకి వస్తాదంట. ఎక్కిస్తా. ఇంకా కొంతమంది గూడా ఎక్కిస్తామంటాండారు."

మా బడిలో ఉన్నదే కొద్దిమంది పిల్లలు. వాళ్లలో సగంమంది వెళ్లిపోతే ఒక టీచరును తీసేస్తారు, ఆ తర్వాత బడే ఉండదు. అక్క మాత్రం అతనికి చెంబుతో మజ్జిగ ఇచ్చింది.

"ఎక్కించప్పా. నీ బిడ్డ, నీ ఇష్టం. ఎక్కించే ముందర ఒక సాయంత్రం అందరూ రండి. పిల్లోళ్లు ఏం నేర్చుకున్నారో చూసి పోండి."

వచ్చారు. పని దిగి వచ్చినవాళ్లు, చేను నుంచి నేరుగా వచ్చినవాళ్లు, చంకల్లో పిల్లలతో తల్లులు, ఇద్దరు ముగ్గురు అవ్వలు. అక్క ఉపన్యాసమేమీ చెప్పలేదు. ఓబులేసు చేతిలో మడత పెట్టిన పేపరు చూసి, "అందులో నీకిష్టమైన వార్త ఒకటి చూపించు," అంది. అతను బుక్కపట్నం చెరువులో చేపపిల్లలను వదిలిన వార్త చూపించాడు.

"పావనీ, రామ్మా. ఒకసారి కండ్లతో చూసుకో."

"నిలబెట్టి చదివిస్తారా మేడమ్? దానికి నోరు రాదు," అన్నాడు ఓబులేసు, కూతురు నలుగురిలో చిన్నబోతుందని భయపడుతూ.

"నిలబెట్టి చదివిస్తే అది పరీక్ష అయితాది. మేం అట్ల చెయ్యం. కూతకు పంపిస్తా. మీరంతా అవతలి జట్టు. గొంతు ఆగితే పట్టుకోండి."

పెద్దవాళ్లు మొహాలు చూసుకున్నారు. సిగ్గుపడుతూ, నవ్వుతూ, గీత అవతల నిలబడ్డారు. మధ్యలో ఓబులేసు. పావని పేపరు మొహానికి దగ్గరగా పెట్టుకుని గీత దాటింది. గొంతు బయటికి రావడం లేదు.

"ఇనపల్యామ్మా, గట్టిగా," అంది ఒక అవ్వ, చెవి వెనక చెయ్యి పెట్టుకుని.

పావని గొంతు పెరిగింది. చెరువు, నీళ్లు, చేపపిల్లలు, రైతులు. చదువుతూనే పక్కకు జరిగింది, ముందుకు పోయింది. పెద్దవాళ్లు తెలియకుండానే ఆటలో పడిపోయి చేతులు చాచి చుట్టూ మూగారు. అప్పుడు వచ్చింది ఆ మాట. మత్స్యశాఖ. ఒత్తు కింద ఒత్తు. 'మ్మ్మ్' అని పావని సాగదీస్తోంది. ఓబులేసు పట్టుకోబోతున్నట్టు అడుగు ముందుకు వేశాడు. ఆ 'మ' మాత్రం ఆగలేదు. తుమ్మెద ఝుంకారంలా సాగి సాగి, "మత్స్యశాఖ అధికారులు!" అని ఒక్కసారిగా విచ్చుకుంది. పావని నాయన చేతి కిందుగా దూరి, వెనకనుంచి అతని వీపు తట్టి, మిగతా వాక్యం చదువుకుంటూ గీత దాటి వచ్చి పడింది.

పిల్లలు చేసిన గోలకు రోడ్డు మీద పోయేవాళ్లు ఆగారు. ఓబులేసు అక్కడే నిలబడి, వీపు మీద కూతురి చెయ్యి తగిలిన చోటును తడుముకుంటున్నాడు. అక్క మొహంలో గెలిచిన గర్వం ఏమాత్రం లేదు. ఆమెకింకా ఆట అయిపోలేదు.

"ఓబులేసూ, నువ్వు ఔటు. పోయి పక్కన కూచ్చో."

అంత మనిషీ వెళ్లి గీత పక్కన, చిన్నపిల్లల మధ్య గొంతుక్కూర్చున్నాడు. అక్క మిగతా పెద్దలవైపు తిరిగింది.

"ఇతను బతకల్లంటే మీ జట్టులో ఎవురన్నా చదవల్ల. ఎవురొస్తారు?"

కొందరు మగవాళ్లు తల గోక్కున్నారు. ఎవరూ కదల్లేదు. అప్పుడు వెనకనుంచి పావని అమ్మ ముందుకు వచ్చింది. కొంగు తలమీదికి లాక్కుని, పేపరు అందుకుని, అదే వార్త చదవడం మొదలుపెట్టింది. మెల్లగా, ఒక్కో మాట మీద వేలు పెట్టుకుంటూ. మధ్యలో ఊపిరి తీసుకుంది. ఎవరూ పట్టుకోలేదు. పావని అమ్మతోపాటు పెదవులు కదిలిస్తోంది.

చదవడం అయ్యాక ఓబులేసు కూర్చున్నచోటి నుంచే అడిగాడు. "నీకు సదువొస్తాదా?"

"ఏడు దాకా సదివినా."

"నాకెప్పుడూ చెప్పల్యా."

"నువ్వెప్పుడూ అడగల్యా," అందామె. మెత్తగానే అంది.

అక్క చప్పట్లు కొట్టింది. "బతికినావప్పా, లెయ్!" అంది. ఓబులేసు లేచి ప్యాంటు దులుపుకుంటూ నవ్వాడు. ఆ నవ్వులో సిగ్గుంది, దానికంటే ఎక్కువగా ఇంకేదో ఉంది. కూతురిని, భార్యను మార్చి మార్చి చూస్తూ, నలుగురిలో కొంచెం తల ఎత్తి నిలబడ్డాడు.

మరుసటి వారం వ్యాను వచ్చింది. ఒకటి రెండు ఇళ్ల పిల్లలు ఎక్కారు కూడా. పావని ఎక్కలేదు. ఓబులేసు ఇంటిని చూసి మిగతావాళ్లూ ఆగిపోయారు. పావని అమ్మ శుక్రవారం మధ్యాహ్నాలు బడికి వచ్చి, చిన్న తరగతులకు బొమ్మల పుస్తకాలు చదివి వినిపించడం మొదలుపెట్టింది. పావని ఇప్పుడు అనంతపురంలో ఇంటర్ చదువుతోంది. ఆ బడి ఇంకా ఉంది. పేపర్లో దాని పేరెప్పుడూ రాలేదు. అక్కకు అవార్డు కూడా ఏదీ రాలేదు. దరఖాస్తు చెయ్యమని నేనంటే, "నాకు పొగిడించుకునేకి పొద్దు ఉండాదా?" అని సంచి తగిలించుకుని బస్సుకు పోయేది.

తర్వాత నాకు ధర్మవరం బదిలీ అయింది. అక్కకు పదవీ విరమణ అయింది. కొత్త బడిలో పట్టుమగ్గాల ఇళ్ల పిల్లలు. మైదానమన్నదే లేదు. అక్క చేసినట్టే చెయ్యబోయాను. ఇరుకు వరండాలో గీత గీస్తే పిల్లలు ఒకరిమీద ఒకరు పడి మోకాళ్లు గీరుకున్నారు. ఫోన్ చేసి మొరపెట్టుకున్నాను.

"నువ్వు నా మాదిరి చేస్తాండావు. నా మాదిరి నాకే సరిపోతాది. మీ పిల్లోళ్లు ఏ ఆట ఆడతారో ముందు చూసినావా?" అంది.

చూశాను. వాళ్లు సందుల్లో అచ్చనగిల్లలు ఆడతారు, తొక్కుడు బిళ్ల ఆడతారు. ఆ ఆటలకు పుస్తకాలు దొరకలేదు. పిల్లలతోనే బొమ్మలు వేయించి, మాటలు రాయించి, తొక్కుడు బిళ్ల గడుల్లో వాక్యాలు పెట్టాను. బిళ్ల పడిన గడిలోని వాక్యం చదివితేనే తర్వాతి గడికి గెంతాలి. నెల తిరిగేసరికి వరండా చాలడం లేదు.

ఆ సంగతి చెప్పాక, ఒకరోజు చెప్పా పెట్టకుండా హిందూపురం నుంచి రైల్లో దిగింది అక్క. మోకాళ్ల నొప్పులతో కుంటుతూ వచ్చి, వద్దన్నా వినకుండా వెనక వరుసలో పిల్లల మధ్య చాప మీద కూర్చుంది. నేను పాఠం చెబుతుంటే పిల్లలతోపాటు చెయ్యి ఎత్తింది. నేను పిలవకపోతే, మూతి ముడుచుకుని దించేసింది. ఒక పాప తన వాక్యం తడబడకుండా చదివి గెంతినప్పుడు, అక్క కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. అద్దాలు తుడుచుకుందో, కళ్లు తుడుచుకుందో నేను తేల్చుకోలేకపోయాను.

పాఠం అయ్యాక పిల్లలు నా చుట్టూ చేరారు. "టీచర్, ఆయవ్వ ఎవురు? మీ అమ్మా?"

మేము ఒకే బడిలో పనిచేసిన ఇద్దరు టీచర్లం. ఆమె దగ్గర నేను ఒక్కరోజు కూడా చదువుకోలేదు. ఆ మాటే చెప్పవచ్చు. ఆమె వినేటట్టుగా, గట్టిగా చెప్పాను.

"మా టీచర్."

అక్క తలెత్తి నావైపు చూసింది. కాదనలేదు.